సిల్వర్ నైట్రేట్: నీళ్లలో కరిగిన వెండి చేసే పనులు

జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలా రసాయనాలు అరల్లో అందరికీ అందేలా ఉంటాయి. సిల్వర్ నైట్రేట్ మాత్రం ముదురు గోధుమ రంగు సీసాలో, చాలాచోట్ల బీరువాలో తాళం వేసి ఉంటుంది. ప్రాక్టికల్స్ రోజున ఒక్కొక్కరికీ కొద్ది చుక్కలే ఇస్తారు. ఎవరైనా చెయ్యి జారి ఒలకబోస్తే లెక్చరర్ కంటే ముందు ల్యాబ్ అటెండర్ కేకలేస్తాడు. కారణం ధరే. ఈ తెల్లటి స్ఫటికాల బరువులో 63.5 శాతం వెండి. కిలో సిల్వర్ నైట్రేట్ కొంటే అందులో 635 గ్రాముల వెండి కొన్నట్టే. వెండి ధర పెరిగితే కెమికల్ షాపులో దీని ధరా వెంటనే పెరుగుతుంది.

ఇంత ఖరీదైనదాన్ని రెండు వందల ఏళ్లుగా పరిశ్రమలు, ఆసుపత్రులు, ల్యాబ్‌లు వదల్లేకపోవడానికి మూలం దాని ద్రావణీయతలో ఉంది. వెండి లవణాల్లో ఎక్కువ భాగం నీళ్లలో కరగవు. క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్, సల్ఫైడ్, ఫాస్ఫేట్, క్రోమేట్ ఇవన్నీ అడుగుకు దిగిపోయే బాపతే. బాగా కరిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఫ్లోరైడ్, పర్‌క్లోరేట్ గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతాయి, తూకానికి లొంగవు. నైట్రేట్‌కు ఆ జబ్బు లేదు. పొడిగా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, నీళ్లు తగలగానే కరుగుతుంది. నీరు గడ్డకట్టే 0 డిగ్రీల దగ్గర కూడా 100 మిల్లీలీటర్ల నీటిలో 122 గ్రాములు కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 200 గ్రాములు దాటుతుంది. అదే వెండి క్లోరైడ్ రూపంలో ఉంటే లీటరు నీటిలో కరిగేది సుమారు 2 మిల్లీగ్రాములు. ఒకే లోహం, పక్కనున్న అయాన్ (విద్యుదావేశమున్న కణం) మారితే పది లక్షల రెట్లు తేడా.

అందుకే వెండితో ఏ రసాయన పని చేయాలన్నా ముందు నైట్రేట్ దగ్గరికే వెళ్లాలి. మిగతా వెండి సమ్మేళనాలు దాదాపు అన్నీ దీని నుంచే తయారవుతాయి.

నైట్రేట్ అయాన్ వెండిని గట్టిగా పట్టుకోదు. నీళ్లలో పడగానే వెండి అయాన్ విడిగా తిరుగుతుంటుంది. అలా విడిగా ఉన్న వెండి అయాన్‌కు రెండు అలవాట్లు. ఒకటి, క్లోరైడ్ లాంటిది కనబడితే దాన్ని పట్టుకుని నీళ్లలో కరగని అవక్షేపంగా మారడం. రెండోది, ఎవరైనా ఎలక్ట్రాన్ ఇస్తే తీసుకుని తిరిగి లోహం వెండిగా మారిపోవడం. దీని ఉపయోగాల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, ఒక్కొక్కటీ విప్పి చూస్తే ఈ రెండు అలవాట్లలో ఏదో ఒకటి కనబడుతుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి పనిచేస్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఉపయోగాలను వరసగా అంకెలు వేసి ఇవ్వడం వల్ల ఈ సంబంధం పిల్లలకు తెలియకుండానే పోతుంది.

తయారీ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. వెండిని నత్రికామ్లంలో వేస్తే గోధుమ రంగు విషవాయువులు వెలువడుతూ కరిగిపోతుంది. ఆ ద్రావణాన్ని ఇగరబెట్టి చల్లారిస్తే రంగులేని పలకల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. 212 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది. 440 డిగ్రీల దరిదాపుల్లో విడిపోయి వెండిని మిగులుస్తుంది.

బంగారం శుద్ధి చేసేవాళ్లకు ఈ ద్రావణం ఆ పేరుతో తెలియకపోయినా బాగా పరిచయం. పాత నగల బంగారాన్ని శుద్ధి చేసే ఒక పద్ధతిలో దానికి సుమారు మూడు రెట్ల వెండి కలిపి కరిగిస్తారు. ఆ మిశ్రమాన్ని నత్రికామ్లంలో వేస్తే వెండి, రాగి కరిగిపోతాయి, బంగారం అడుగున పొడిగా మిగులుతుంది. పైన తేరిన ద్రవంలో ఉండేది సిల్వర్ నైట్రేటే. దాన్ని ఎవరూ పారబోయరు. అందులో రాగి రేకులు వేసి వదిలేస్తారు. రాగి తన ఎలక్ట్రాన్లను వెండికి ఇచ్చి తాను కరుగుతుంది. ద్రవం నీలంగా మారుతుంది, రేకుల మీద బూడిద రంగు వెండి కుచ్చులు కుచ్చులుగా పేరుకుంటుంది. 63.5 గ్రాముల రాగి కరిగితే సుమారు 216 గ్రాముల వెండి బయటికి వస్తుంది. ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠం మొత్తం ఆ తొట్టిలోనే జరిగిపోతుంది.

ఉప్పును పట్టించే చుక్క

మొదటి అలవాటు దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్ సాల్ట్ అనాలిసిస్‌లో క్లోరైడ్ పరీక్ష ఎంత పేరున్నదో చెప్పక్కర్లేదు. లవణ ద్రావణంలో విలీన నత్రికామ్లం కలిపి, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేస్తే విరిగిన పాలలా తెల్లటి ముద్దలు ముద్దలుగా అవక్షేపం వస్తుంది. అమ్మోనియా పోస్తే కరిగిపోతుంది. బ్రోమైడ్ అయితే లేత పసుపు, అమ్మోనియాలో అరకొరగా కరుగుతుంది. అయొడైడ్ అయితే పసుపు, అమ్మోనియాకు లొంగదు. పరీక్షలో మార్కుల కోసం బట్టీపట్టే ఈ మూడు వాక్యాల మీద ఒకప్పుడు సముద్రశాస్త్రం మొత్తం నడిచిందంటే చాలామందికి ఆశ్చర్యం.

క్లోరైడ్ ఉందా లేదా అన్నది తెలిస్తే చాలదు, ఎంత ఉందో కావాలి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫ్రెడ్రిక్ మోర్ 19వ శతాబ్దం మధ్యలో ఇచ్చిన టైట్రేషన్ (చుక్క చుక్కగా పోసి కొలిచే) పద్ధతి నేటికీ నీటి పరీక్షల్లో వాడుకలో ఉంది. బ్యూరెట్‌లో లెక్కకట్టిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం, కింద శంఖాకార కుప్పెలో పరీక్షించాల్సిన నీళ్లు. ఆ నీళ్లలో కొద్దిగా పొటాషియం క్రోమేట్ వేస్తే నిమ్మపండు రంగు వస్తుంది. పైనుంచి చుక్క పడగానే పడ్డచోట ఇటుక రంగు మెరిసి, కుప్పెను తిప్పగానే మాయమవుతుంది. నీళ్లు మాత్రం తెల్లగా మబ్బుపడుతుంటాయి. క్లోరైడ్ ఉన్నంతసేపు వెండి దాన్నే పట్టుకుంటుంది, క్రోమేట్‌ను పట్టించుకోదు. క్లోరైడ్ తగ్గుతున్నకొద్దీ ఇటుక రంగు మాయమవడానికి ఆలస్యమవుతుంది. ఇక్కడే చెయ్యి నెమ్మదించాలి. ఒక చుక్క దగ్గర పసుపంతా లేత ఎరుపు తిరిగి, ఎంత తిప్పినా పోదు. అదే ముగింపు. ఆ చుక్క దాటి ఇంకో నాలుగు చుక్కలు పడితే లెక్క తప్పినట్టే. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు ఈ టైట్రేషన్‌లో టెన్షన్ అంతా ఆ చివరి మిల్లీలీటరు దగ్గరే.

లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. ల్యాబ్‌ల్లో సాధారణంగా 0.0141 నార్మల్ గాఢత ఉన్న ద్రావణం వాడతారు. దాని ఒక్కో మిల్లీలీటరు అర మిల్లీగ్రాము క్లోరైడ్‌ను పట్టుకుంటుంది. 100 మిల్లీలీటర్ల నీటికి 50 మిల్లీలీటర్ల బ్యూరెట్ మొత్తం ఖర్చయితే లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్నట్టు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500లో పెట్టిన ఆమోదయోగ్య పరిమితి సరిగ్గా ఇంతే. వేరే నీటి వనరు లేనప్పుడు 1000 దాకా అనుమతిస్తారు. నాలుకకు ఉప్పదనం తెలియడం మొదలయ్యేది కూడా ఇంచుమించు 250 దగ్గరే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీటిలోకి ఉప్పునీరు చొరబడుతున్న సంగతి నోటికి తెలిసేటప్పటికి పరిస్థితి హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. 60 ఉన్న బోరు ఏటికేడు 100, 150కి ఎక్కుతోందని ముందుగా చెప్పగలిగేది ఈ టైట్రేషన్ లాంటి కొలతే.

సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు సుమారు 19 గ్రాములు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు చుట్టిన ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్‌మార్ విశ్లేషించి, ఏ సముద్రంలోనైనా ముఖ్యమైన లవణాల నిష్పత్తి దాదాపు ఒకటేనని తేల్చాడు. అంటే సోడియం, మెగ్నీషియం, సల్ఫేట్ ఇవన్నీ విడివిడిగా కొలవక్కర్లేదు. క్లోరైడ్ ఒక్కటి కొలిచి గుణిస్తే మొత్తం ఉప్పదనం వచ్చేస్తుంది. డెన్మార్క్‌కు చెందిన మార్టిన్ నూడ్‌సెన్ 1901లో ఆ గుణకాన్ని ఖరారు చేశాక, విద్యుత్ వాహకతతో కొలిచే యంత్రాలు వచ్చేవరకు సముద్ర పరిశోధన నౌకల్లో సిల్వర్ నైట్రేట్ సీసాలు తప్పనిసరి సరుకు.

ఇదే చుక్క ఇంకా చాలాచోట్ల పనికొస్తుంది. పాలలో నీళ్లు కలిపి, పలచదనం బయటపడకుండా ఉప్పు వేశారన్న అనుమానం ఉంటే, సిల్వర్ నైట్రేట్‌కు పొటాషియం డైక్రోమేట్ చేర్చి ఆ పాలు కలుపుతారు. మంచి పాలైతే ఇటుక ఎరుపు నిలుస్తుంది, ఉప్పు ఎక్కువైతే పసుపుగానే ఉండిపోతుంది. సముద్రతీరంలో కట్టిన కాంక్రీటు లోపలికి ఉప్పు ఎంత లోతు దిగిందో తెలుసుకోవడానికి కాంక్రీటు ముక్కను పగలగొట్టి, పగిలిన ముఖం మీద సిల్వర్ నైట్రేట్ పిచికారీ చేస్తారు. ఉప్పు చేరిన మేరకు తెల్లగా, చేరని భాగం గోధుమ రంగుగా గీత గీసినట్టు విడిపోతుంది. ఆ తెల్లదనం లోపలి ఇనుప చువ్వల దాకా వెళ్లిందంటే తుప్పు ముప్పు మొదలైనట్టే. కాగితం మీద వేలిముద్రలు బయటపెట్టడానికి కూడా ఒకప్పుడు పోలీసు ల్యాబ్‌ల్లో దీన్నే వాడేవారు, చెమటలోని ఉప్పు కోసం. నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వచ్చాక దాని అవసరం బాగా తగ్గింది.

వెలుతురు తగిలితే

సిల్వర్ నైట్రేట్‌ను గోధుమ రంగు సీసాలో ఎందుకు పెడతారంటే వెలుతురుకు పాడవుతుందని అందరూ చెబుతారు. ఇది సగమే నిజం. అచ్చమైన, పొడి సిల్వర్ నైట్రేట్ స్ఫటికాలు వెలుతురుకు పెద్దగా చలించవు. దుమ్ము, కాగితం పీచు, చర్మపు పొట్టు లాంటి సేంద్రియ పదార్థం కాస్త కలిస్తేనే నల్లబడటం మొదలవుతుంది. ఆ పదార్థం ఎలక్ట్రాన్ ఇస్తుంది, వెలుతురు ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని వేగవంతం చేస్తుంది. వెండి అయాన్ లోహంగా మారుతుంది. మరీ చిన్న రేణువులుగా ఉన్న వెండి మెరవదు, నల్లగానో గోధుమ రంగుగానో కనబడుతుంది. అద్దంలో ధగధగలాడే లోహమే ఇక్కడ మసిలా కనిపించడానికి రేణువు పరిమాణం తప్ప వేరే కారణం లేదు.

ఈ నలుపుకు కారణం ఎండ వేడి కాదు, వెలుతురేనని 18వ శతాబ్దం మొదట్లో జర్మనీలో యోహాన్ హైన్‌రిష్ షుల్జ్ నిరూపించాడు. వెండి కలిసిన సుద్ద ద్రావణం సీసాకు అక్షరాలు కత్తిరించిన కాగితం చుట్టి ఎండలో పెడితే, లోపల సుద్ద మీద ఆ అక్షరాలే నల్లగా పడ్డాయి. సీసా కదిపితే చెరిగిపోయేవి. వాటిని నిలబెట్టడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితాన్ని ముందు ఉప్పునీటిలో తడిపి, ఆరబెట్టి, పైన సిల్వర్ నైట్రేట్ పూశాడు. కాగితపు పీచులోనే సిల్వర్ క్లోరైడ్ పుట్టింది. వెలుతురు తగలని చోట మిగిలిన క్లోరైడ్‌ను కడిగేయడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) పనికొస్తుందని జాన్ హెర్షెల్ చూపించాడు. పాత ఫొటో స్టూడియోల్లో పనిచేసినవాళ్లకు ఆ హైపో తొట్టి వాసన ఇప్పటికీ గుర్తుంటుంది.

హైదరాబాద్ చరిత్రకూ ఈ లవణానికీ ఇక్కడ ఒక లంకె ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా లాలా దీన్‌దయాళ్ తీసిన రాజభవనాలు, వేట విడిదులు, దర్బారుల ఫొటోల్లో చాలా భాగం ఆల్బ్యుమెన్ ప్రింట్లు. ఆల్బ్యుమెన్ అంటే కోడిగుడ్డు తెల్లసొన. తెల్లసొనలో ఉప్పు కలిపి పలచటి కాగితానికి పూసి, ఆరాక ఆ ముఖాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలేస్తే కాగితం వెలుతురును గుర్తుపట్టే స్థితికి వస్తుంది. గాజు నెగెటివ్‌ను దాని మీద పెట్టి ఎండలో ఉంచేవారు. ఆ ఫొటోలకుండే వెచ్చని గోధుమ వన్నె అతిసూక్ష్మమైన వెండి రేణువులది. దానికి తెల్లసొన వయసుతో పాటు తెచ్చుకున్న పసుపు తోడైంది.

ఆ తర్వాత వచ్చిన జెలటిన్ ఫిల్ములో సిల్వర్ బ్రోమైడ్ ఉంటుంది. దాన్ని తయారు చేసేది సిల్వర్ నైట్రేట్, పొటాషియం బ్రోమైడ్‌లను జెలటిన్‌లో కలిపే. 20వ శతాబ్దంలో ఫిల్ము పరిశ్రమ ప్రపంచంలో వెండిని ఎక్కువగా మింగిన పరిశ్రమల్లో ఒకటి. మన దేశంలో 1960లో ఊటీలో ఏర్పాటైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ములు, ఎక్స్‌రే షీట్లు అమ్మింది. డిజిటల్ వచ్చాక ఆ వ్యాపారం కూలిపోయింది. పాత ఎక్స్‌రే ఫిల్ములు, వాడేసిన హైపో కొని వెండి రాబట్టుకునే చిన్న వ్యాపారులకూ సరుకు తగ్గింది.

ఎడమ చూపుడువేలి మీద

వెండి అయాన్ రెండు అలవాట్లూ ఒకేచోట పనిచేసే ఉదాహరణ ఓటరు సిరా. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి దీన్ని వాడుతున్నారు. ఫార్ములా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. తయారీ మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ లిమిటెడ్‌ది. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ వడయార్ 1937లో లక్క, రంగుల కర్మాగారంగా ప్రారంభించిన సంస్థ అది, ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. దేశంలో ఎన్నికల సంఘానికి సిరా ఇచ్చేది అదే. హైదరాబాద్‌లోని రాయుడు లేబొరేటరీస్ కూడా ఇలాంటి సిరా తయారు చేసి విదేశాలకు పంపుతోంది.

పూర్తి ఫార్ములా రహస్యమే అయినా పనిచేసే సరుకు రహస్యం కాదు. సిరాలో ఎక్కువలో ఎక్కువ 18 శాతం దాకా సిల్వర్ నైట్రేట్, పూసినచోటు కనబడటానికి ఊదా రంగు, త్వరగా ఆరడానికి ఆల్కహాల్ ఉంటాయి. పోలింగ్ అధికారి గీత గీయగానే కనబడే ఊదా రంగు కేవలం రంగే. అది సబ్బుతో పోయినా ఫర్వాలేదు. అసలు పని చర్మం పై పొరలో మొదలవుతుంది. చెమటలోని ఉప్పు వెండిని క్లోరైడ్‌గా మార్చి అక్కడే కట్టేస్తుంది. చర్మంలోని, గోటిలోని కెరటిన్ ప్రొటీన్‌కు ఉన్న గంధకం కూడా వెండిని పట్టుకుంటుంది. బూత్ బయటికొచ్చి ఎండలో నడిస్తే వెలుతురు దాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. సాయంత్రానికి గీత మరింత ముదిరి కనబడటానికి కారణం ఇదే. ల్యాబ్‌లో చేతి మీద చుక్క పడిన విద్యార్థికీ ఇదే అనుభవం: పడ్డప్పుడు నీటిచుక్కలా ఉంటుంది, మర్నాడు పొద్దున నల్లమచ్చ.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ గీతను చెరిపే చిట్కాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. నెయిల్ పాలిష్ రిమూవర్, బ్లీచ్, బొప్పాయి పాలు అంటూ ఏవేవో. సబ్బుకూ, స్పిరిట్‌కూ, అసిటోన్‌కూ వెండి కరగదు. నిజానికి గీత పోవాలంటే ఆ చర్మం పొట్టు రాలిపోవాలి, దానికి రోజులు పడుతుంది. గోరు విషయం ఇంకా ఆలస్యం. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి గోటి మొదట్లో పడ్డ గీత కత్తిరించే చివరకు చేరడానికి నెలలు కావాలి. 2006 నుంచి చుక్క బదులు గోటి పైనుంచి వేలి మొదటి కణుపు దాకా గీత గీయమనడంలో ఈ లెక్క ఉంది. చర్మం మోసం చేసినా గోరు చేయదు.

ఈ సిరాకున్న అసలు బలహీనత రసాయనంలో కాదు, చేతుల్లో ఉంది. 2004 అఫ్గానిస్థాన్ అధ్యక్ష ఎన్నికల్లో గుర్తు తేలిగ్గా చెరిగిపోతోందని అభ్యర్థులే గొడవ చేశారు. మార్కు వేయడానికి వాడిన పెన్నులే వేరన్న వివరణ వచ్చింది. 2013 మలేసియా ఎన్నికల్లోనూ సిరా కడిగితే పోతోందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వెండి తగినంత లేకపోయినా, ఆరకముందే తుడిచేసినా, వేలికి ముందే నూనె రాసుకున్నా మిగిలేది ఊదా రంగే. అందుకే వేలు పొడిగా ఉందో లేదో చూసి పూయాలని, సిరా ఆరేదాకా ఓటరును పంపకూడదని సిబ్బందికి చెబుతారు. క్యూ పెరిగిన మధ్యాహ్నం వేళ ఈ నియమం ఎంతవరకు నడుస్తుందో ఓటు వేసినవాళ్లకు తెలుసు.

ఎన్నికలు కాని పనులకూ దీన్ని వాడారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు మార్చుకోవడానికి ఒకరే పదేపదే వస్తున్నారని బ్యాంకుల్లో సిరా పూయించారు. అప్పట్లో కొన్నిచోట్ల ఉప ఎన్నికలుండటంతో ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. బ్యాంకు గీత కుడిచేతికి పడింది. 2020లో కరోనా హోమ్ క్వారంటైన్ ముద్రలకూ ఇదే సిరా.

మెదడు, అద్దం, మురుగు

1873లో ఇటలీలోని అబ్బియాతెగ్రాస్సో అనే ఊరి ఆసుపత్రిలో, వంటగదినే ల్యాబ్‌గా మార్చుకుని పనిచేస్తున్న కామిల్లో గోల్జీ మెదడు కణజాలాన్ని పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో వేశాడు. టైట్రేషన్‌లో ఇటుక రంగు ఇచ్చే సిల్వర్ క్రోమేటే ఇక్కడ నాడీకణాల లోపల పుట్టి వాటిని నల్లగా నింపింది. చిత్రం ఏమిటంటే, నూటికి కొద్ది కణాలు మాత్రమే రంగు పట్టాయి. అన్నీ పట్టుంటే నల్లముద్ద తప్ప ఏమీ కనబడేది కాదు. కొన్నే పట్టడంతో ఒక్కో కణం కొమ్మలు రెమ్మలతో సహా విడిగా కనిపించింది. ఈ పద్ధతినే మెరుగుపరచిన స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్, మెదడు విడివిడి కణాలతో ఏర్పడిందని వాదించాడు. అంతా అల్లుకుపోయిన ఒకే వల అని గోల్జీ పట్టుబట్టాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీదే గోల్జీ రెండోవాడి సిద్ధాంతాన్ని విమర్శించాడు. కహాల్‌దే ఒప్పని తర్వాత తేలింది.

అద్దాల సంగతి అందరికీ తెలిసిందే. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌కు గ్లూకోజ్ లాంటిది తగిలితే గాజు మీద వెండి పొర కడుతుంది. జర్మనీకి చెందిన యుస్టస్ ఫాన్ లీబిగ్ దీన్ని అద్దాల తయారీకి తెచ్చేముందు పాదరసం, తగరం కలిపి వాడేవారు. ఆ ఆవిరికి పనివాళ్ల ఆరోగ్యం దెబ్బతినేది. కాలేజీలో ఇదే టాలెన్స్ పరీక్ష. అయితే ఆ ద్రావణాన్ని అప్పటికప్పుడు తయారు చేసుకుని, పని కాగానే ఆమ్లం పోసి పారేయాలి. నిలవ ఉంచితే అడుగున పేలుడు పదార్థం పేరుకునే ప్రమాదం ఉంది. ఈ హెచ్చరిక రికార్డు పుస్తకాల్లో ఉండాల్సినంత పెద్ద అక్షరాల్లో ఉండదు. మేఘమథనంలో చల్లే సిల్వర్ అయొడైడ్‌కు కూడా ముడిసరుకు ఈ నైట్రేటే.

వాడేశాక మిగిలిన ద్రవాన్ని సింకులో పోయడం ఖరీదైన తప్పు, హానికరమైన తప్పు కూడా. విడి వెండి అయాన్ మంచినీటి చేపలకు లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నా విషమే, మొప్పలు ఉప్పును గ్రహించే ఏర్పాటును దెబ్బతీస్తుంది. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని ఐఎస్ 10500 చెబుతోంది. బాధ్యతగా నడిచే ల్యాబ్‌ల్లో టైట్రేషన్ మడ్డిని వేరే సీసాలో కూడబెట్టి, వెండిని రాబట్టుకుంటారు.

మందుగా

వెండి అయాన్ సూక్ష్మజీవుల ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటి పనిని ఆపేస్తుంది. జర్మనీలోని లైప్‌జిగ్ ప్రసూతి ఆసుపత్రిలో కార్ల్ క్రెడె 1880 నాటికి పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయించడం మొదలుపెట్టాడు. తల్లికి గనేరియా ఉంటే కాన్పు సమయంలో బిడ్డ కళ్లకు సోకి చూపు పోయేది. అంతకుముందు నూటికి పదిమంది దాకా శిశువులకు వచ్చే ఆ కంటి జబ్బు, ఈ చుక్కతో ఒక శాతం లోపుకు పడిపోయింది. యాంటీబయాటిక్స్ వాడుకలోకి రావడానికి దాదాపు అరవై ఏళ్ల ముందు సంగతి ఇది. చుక్క మంటకు కళ్లు ఎర్రబడి ఉబ్బేవి, అందుకే తర్వాత యాంటీబయాటిక్ మందులు దాని స్థానం తీసుకున్నాయి.

కాలిన గాయాలకు 1965లో అమెరికాలో కార్ల్ మోయర్ బృందం 0.5 శాతం ద్రావణంలో తడిపిన కట్లు వాడి మంచి ఫలితాలు చూపింది. కానీ పక్కబట్టలు, నేల, నర్సుల చేతులు అన్నీ నల్లబడేవి. పైగా గాయం నుంచి ఒంట్లోని క్లోరైడ్‌ను లాగేసి రక్తంలో లవణాల సమతూకం దెబ్బతీసేది. చార్లెస్ ఫాక్స్ దాన్నే సల్ఫా మందుతో జోడించి సిల్వర్ సల్ఫాడయజిన్ చేశాడు. నేడు మందుల షాపుల్లో కాలిన గాయాలకు ఇచ్చే తెల్ల క్రీముల్లో ఎక్కువగా ఉండేది అదే. ఆగని ముక్కు రక్తానికి, నవజాత శిశువు బొడ్డులో పెరిగే కండకు డాక్టర్లు ఇప్పటికీ సిల్వర్ నైట్రేట్ పుల్లను తాకిస్తారు. అందులో 75 శాతం సిల్వర్ నైట్రేట్, మిగతాది పొటాషియం నైట్రేట్. ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. పక్కన మంచి చర్మానికి తగిలితే అదీ కాలుతుంది. వెండి ఉన్న ద్రావణాలను ఆరోగ్యం కోసమని నెలల తరబడి తాగినవాళ్ల చర్మం శాశ్వతంగా నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, దాన్ని ఆర్జీరియా అంటారు. అలా తాగితే లాభముందని రుజువు లేకపోయినా ఆన్‌లైన్‌లో ఆ సీసాల అమ్మకం ఆగడం లేదు.

పంటి వైద్యంలో మాత్రం పాత ఆలోచన కొత్తగా తిరిగొచ్చింది. పుచ్చిన పంటికి అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ పూయడం వందేళ్ల కిందటి పద్ధతి. దాని వారసుడైన సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. డ్రిల్లింగ్ లేదు, ఇంజెక్షన్ లేదు, ఒక చిన్న బ్రష్‌తో పూస్తే పుప్పి ఆగుతుంది. చిక్కల్లా పూసినచోటు నల్లగా మారడమే, ఓటు వేసిన వేలి మీద జరిగేదే ఇక్కడా. వెనక దవడ పాలపళ్లకైతే తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ముందు పళ్లకు అనేసరికి డ్రిల్లింగ్ చేసి తెల్ల ఫిల్లింగే పెట్టమంటారు.